గ్యాస్ అయిపోదు, కారిపోతుంది

మూడు ఎండాకాలాల్లో మా ట్రైలర్ ఏసీకి ఐదుసార్లు గ్యాస్ కొట్టించాము. ఐదుసార్లూ బండి షెడ్డు నుంచి బయటికి వచ్చిన రోజు క్యాబిన్‌లో చలి వేసినంత పని అయ్యేది, నెల తిరిగేసరికి మళ్ళీ వట్టి ఫ్యాను గాలే మిగిలేది. డ్రైవరు ఫోను చేసి "గ్యాస్ అయిపోయింది సేటూ, ఇంకోసారి కొట్టిస్తే సరిపోతది" అనడం, నేను సరే అనడం, రెండు వేల పైచిలుకు బిల్లు ఫోటో వాట్సాప్‌లో రావడం అలవాటుగా మారిపోయింది. నేను డిప్లొమాలో మెకానికల్ చదివినవాడిని. ఏసీలో గ్యాస్ డీజిల్‌లాగా మండి ఖర్చయ్యే వస్తువు కాదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాడిని. అయినా సొంత బండి దగ్గరికి వచ్చేసరికి ఆ చదువు గుర్తుకు రాలేదు. ఈ సంవత్సరం మార్చి నెలాఖరులో నల్లగొండ దాటి నార్కట్‌పల్లి చేరకముందే కంప్రెసర్ పట్టేసి, బెల్టు తెగి, ఆల్టర్నేటర్‌కు కూడా అదే బెల్టు కావడం వల్ల ఛార్జింగ్ లేక బండి రోడ్డు పక్కన ఆగిపోయిన తర్వాత మాత్రమే గుర్తుకు వచ్చింది.

మా బండి 2011 మోడల్. తమ్ముడూ నేనూ కలిసి పాతది కొనుక్కున్నాము. ఎక్కువగా వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల నుంచి బస్తాలు వేసుకొని మిర్యాలగూడ, నల్లగొండ, నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాదు శివార్లకు పోతుంది, అప్పుడప్పుడు హాలియా, మల్లేపల్లి, కల్వకుర్తి మీదుగా జడ్చర్ల వైపు తిరుగుతుంది. వానాకాలం పంట చేతికి వచ్చాక మిర్యాలగూడ రైసు మిల్లుల బియ్యం కూడా తోలుతాము. ఏప్రిల్, మే నెలల్లో ఈ దారుల మీద ఎండ 44, 45 డిగ్రీలకు పోవడం మా జిల్లాలో వార్త కాదు. పాత క్యాబిన్‌లో ఇంజిన్ డ్రైవరుకు ముందర ఉండదు, సీట్ల మధ్యన ఒక మూత కింద ఉంటుంది. బయటి ఎండకు తోడు పక్కనే పొయ్యి పెట్టుకొని ఎనిమిది గంటలు కూర్చోవడం ఎలా ఉంటుందో, ఒకసారి జడ్చర్ల దాకా క్లీనరు సీట్లో కూర్చొని పోయి వస్తే తెలిసింది.

కొత్త బండ్లకు ఇప్పుడు ఆ బాధ లేదు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతుల సరుకు వాహనాలకు, అంటే మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటే లారీలకూ ట్రైలర్లకూ, క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి అని కేంద్ర రవాణా శాఖ 2023 డిసెంబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అంతకు ముందు తయారైన బండికి ఆ నియమం వర్తించదు. కాబట్టి పాత బండి యజమాని తన డ్రైవరును ఎండబెట్టినా చట్టం అడగదు. అయితే ఫ్యాక్టరీ గేటు ముందు వరుసలో అద్దాలు మూసుకొని కూర్చున్న కొత్త బండి డ్రైవరును చూసిన తర్వాత మా డ్రైవరు మనసులో ఏమనుకుంటాడో, పైకి ఏమీ అనకపోయినా, నాకు తెలుసు.

బెల్టు తెగిన బండిని మిర్యాలగూడకు తిరిగి తెచ్చి, ట్రాలీ విప్పి ముందు బండిని మాత్రం ఏసీ పని చేసే ఒక పెద్దాయన షెడ్డులో పెట్టాము. ఆయనను ఊరంతా ఉస్తాద్ అనే పిలుస్తుంది. ఇంతకు ముందు గ్యాస్ కొట్టిన షెడ్లు వేరు. ఉస్తాద్ వచ్చీ రాగానే గ్యాస్ సిలిండరు తీయలేదు, ఇంజిన్ ఆపి ఉండగానే ఒత్తిడి కొలిచే రెండు గేజీలు తగిలించి చూశారు. ఆ పొద్దున నీడలో 36 డిగ్రీలు ఉంది. పైపుల్లో ద్రవరూపంలో కాస్త గ్యాస్ మిగిలి ఉన్నా, ఆ వేడికి రెండు గేజీలూ 115 పీఎస్‌ఐ పైననే నిలబడాలి. మాకు రెండూ 40 దగ్గర ఆగిపోయాయి. అంటే లోపల ఉన్నది వట్టి ఆవిరి, సరుకంతా ఎప్పుడో బయటికి పోయింది.

"ఎన్నిసార్లు కొట్టించినవ్ తమ్మీ?" అని అడిగారు. ఐదుసార్లు అన్నాను. ఆయన నవ్వలేదు. "ట్యూబుకు చిల్లి పడితే గాలి కొడుతవా, పంచరు ఏస్తవా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఏసీ పని చేసే తీరు నిజానికి చాలా సులువైనది. మనం గ్యాస్ అని పిలిచే ఆర్-134ఏ అనే ద్రవం మామూలు గాలి ఒత్తిడి దగ్గర సున్నాకు 26 డిగ్రీల కిందనే మరిగిపోతుంది. క్యాబిన్‌లోని కూలింగ్ కాయిల్‌లో అది మరుగుతూ మన చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని గట్టిగా నొక్కి ముందరి కండెన్సర్‌లోకి తోస్తుంది, అక్కడ అది లాక్కున్న వేడిని బయటి గాలికి వదిలేసి మళ్ళీ ద్రవంగా మారుతుంది. అదే గ్యాస్, అదే చక్రం, పైపులు గట్టిగా ఉన్నంత కాలం కిలోకు కిలో అలాగే తిరుగుతూ ఉంటుంది. రబ్బరు పైపుల గుండా ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా ఇంకిపోయేది ఉంటుందేమో గానీ, నెల రోజుల్లో మాయమైతే దానికి ఎక్కడో ఒక దారి ఉన్నట్టే.

మా బండిలో ఆ దారి ఒకటి కాదు, రెండు ఉన్నాయి. మొదటిది కండెన్సర్. ముందు జాలీ విప్పి చూసినప్పుడు దాని కింది ఎడమ మూలన అరచేతి వెడల్పున నల్లని జిడ్డు మరక కనిపించింది. గ్యాస్ కంటికి కనబడకుండా పోతుంది గానీ, దానితో పాటు తిరిగే నూనె మరక పెట్టి పోతుంది కాబట్టి కారే చోటును పట్టుకోవడానికి ముందుగా చూడవలసింది ఆ జిడ్డునే. ఉస్తాద్ స్క్రూడ్రైవరు మొనతో రెక్కల సందున గోకారు. బూడిద రంగు పెచ్చు ఒకటి టక్కుమని విరిగి చేతిలో పడింది. దాన్ని నా అరచేతిలో పెట్టారు. అది దుమ్ము కాదు, గట్టిపడిన సిమెంటు.

తర్వాత అర్థమైన సంగతి ఇది. లోడింగు దగ్గర ఎగిరే సిమెంటు పొడి కండెన్సర్ రెక్కల మధ్య పేరుకొనేది. మా డ్రైవరు శ్రద్ధ గల మనిషి. ప్రతి ఆదివారం బండి కడిగేటప్పుడు జాలీ మీద పైపు పెట్టి, దుమ్ము పోవాలని నీళ్ళు బాగా కొట్టేవాడు. సిమెంటుకు నీళ్ళు తగిలితే ఏమవుతుందో ఇల్లు కట్టినవాళ్ళందరికీ తెలుసు. పైగా తడి సిమెంటుకు ఘాటైన క్షార గుణం ఉంటుంది, అది అల్యూమినియాన్ని తినేస్తుంది. అందువల్ల రెక్కలు మూసుకుపోయి గాలి ఆడకపోవడం ఒక నష్టమైతే, సన్నని గొట్టాలకు సూది మొనంత చిల్లులు పడడం రెండో నష్టం. ఇందులో డ్రైవరు తప్పు ఏమీ లేదు, ఏమి కడగాలో ఏమి కడగకూడదో మేము ఎన్నడూ చెప్పలేదు. ఈ మాట వినగానే డ్రైవరు ముఖం చిన్నబోయింది. "నేనే ఖరాబ్ చేసిన్నా సేటూ?" అని అడిగితే, "కాదన్నా, ఐదుసార్లు గ్యాస్ కొట్టినోళ్ళల్ల ఒక్కరన్నా జాలీ ఇప్పి చూడలే" అన్నాను. నేను కూడా చూడలేదన్న మాట మాత్రం అప్పుడు నోటికి రాలేదు.

రెండో దారి కంప్రెసర్ నుంచి పోయే రబ్బరు పైపు చివర, ఇనుప మూతిని నొక్కి బిగించిన చోట ఉంది. అది నైట్రోజన్ పరీక్షలో గానీ బయట పడలేదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

కంప్రెసర్ ఎందుకు పట్టేసిందన్నది వీటికంటే పెద్ద పాఠం. దానికి విడిగా ఇంజిన్‌లాగా నూనె సంపు ఉండదు, లోపలి పిస్టన్లకు తడి తగిలేది గ్యాస్‌తో కలిసి చక్రమంతా తిరిగి వచ్చే నూనె వల్లనే. గ్యాస్ కారినప్పుడల్లా కొంత నూనె పోతుంది. మాకు ఐదుసార్లూ గ్యాస్ మాత్రమే ఎక్కించారు, నూనె ఒక్కసారి కూడా కొలవలేదు. పైగా గ్యాస్ తక్కువైన చక్రంలో మిగిలిన నూనె కూడా కూలింగ్ కాయిల్ దగ్గరనే నిలిచిపోయి కంప్రెసర్‌కు తిరిగి రాదు. విప్పిన కంప్రెసర్‌ను బోర్లించి గ్లాసులోకి వంపితే నాలుగు చెంచాలకు మించి రాలేదు. వచ్చింది కూడా కాటుకలా నల్లగా ఉంది. ఎండలో వంచి చూస్తే అందులో అల్యూమినియం రజను అభ్రకంలాగా మెరిసింది.

ఇంత జరుగుతుంటే బండి తనను తాను కాపాడుకోవాలి కదా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. గ్యాస్ బాగా తగ్గిపోతే, కంప్రెసర్‌ను బెల్టుకు కలిపే క్లచ్ పట్టకుండా కరెంటు ఆపేసే ప్రెషర్ స్విచ్చి ఒకటి, తేమను పీల్చే డ్రయ్యర్ దగ్గర ఉంటుంది. ఉస్తాద్ దాని ప్లగ్గు పీకి నా వైపు తిప్పారు. రెండు రంధ్రాల మధ్య చూపుడు వేలంత పొడవున ఎర్ర వైరు ముక్క దూర్చి ఉంది. గ్యాస్ తక్కువై క్లచ్ పడడం లేదని ఎవరో ఎప్పుడో స్విచ్చిని దాటించి నేరుగా కరెంటు ఇచ్చారు. ఆ రోజుకు ఏసీ నడిచింది, బిల్లు వసూలైంది, ఆ తర్వాత నుంచి కంప్రెసర్ ఎండిన గొంతుతో తిరుగుతూనే ఉంది. పదివేలకు పైగా ధర పలికే వస్తువును ఐదు రూపాయలు కూడా చేయని వైరు ముక్క చంపేసింది. ఆ ముక్కను నేను దాచుకున్నాను.

ఇక్కడ మాకు రెండు దారులు కనిపించాయి. పాత ఏసీని మొత్తం బాగు చేయించడమా, లేక ఈ మధ్య చాలా బండ్ల నెత్తి మీద కనిపిస్తున్న 24 వోల్టుల కరెంటు ఏసీ బిగించడమా అన్నది ప్రశ్న. తమ్ముడు రెండో దానికే మొగ్గు చూపాడు. ఇంజిన్ ఆపినా నడుస్తుంది, బెల్టు లేదు, పైపులు తక్కువ, పైకప్పులో రంధ్రం కోసి పెట్టేస్తే ఒక రోజు పని. ఫ్యాక్టరీ దగ్గర వరుసలో ఆరేడు గంటలు ఆగే బండికి అదే సరైనదని అతని వాదన. ఆ వాదనలో బలం లేకపోలేదు, ఎందుకంటే డ్రైవరుకు నిజంగా ప్రాణం పోయేది బండి నడిచేటప్పుడు కాదు, ఆగినప్పుడే.

కాగితం మీద లెక్క వేశాను. ఆ ఏసీ మామూలుగా 40 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే, 24 వోల్టుల మీద అది సుమారు ఒక కిలోవాటు. మా బండిలో 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి ఉన్నాయి. స్టార్టింగుకు వాడే బ్యాటరీని సగం కంటే కిందికి దించితే దాని ఆయుష్షు పోతుంది కాబట్టి చేతిలో ఉన్నది 75 ఆంపియర్ అవర్లే. దాన్ని 40తో భాగిస్తే రెండు గంటలు కూడా నిండవు. అదీ బ్యాటరీలు కొత్తవైతేనే, మావి మూడో ఏడు నడుస్తున్నవి. మిగిలిన గంటలకు ఇంజిన్ నడపాల్సిందే అయితే, బరువైన బండి ఊరికే నిలబడి గంటకు రెండు మూడు లీటర్ల డీజిల్ తాగుతుంది, అప్పుడు బెల్టు ఏసీ అయినా అదే ఖర్చుతో నడుస్తుంది. లిథియం బ్యాటరీలు విడిగా పెట్టుకునే స్తోమత ఉన్నవాళ్ళకు ఆ పైకప్పు ఏసీ మంచి వస్తువే, నేను కాదనను. పదిహేనేళ్ళ బండికి మాత్రం ఆ పెట్టుబడి తిరిగి రాదని తేల్చుకొని పాతదాన్నే నిలబెట్టాలని నిర్ణయించాము. తమ్ముడు ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు.

సామాను కొనడంలో ఉస్తాద్ ఒక్క విషయంలో మాత్రం పట్టుబట్టారు. కంప్రెసర్ లోపల అరిగి రజను పోసినప్పుడు కండెన్సర్‌ను కడిగి వాడుకోవడం కుదరదని, అందులోని సన్నని సమాంతర గొట్టాల్లో చిక్కుకున్న రజనును ఏ ద్రావణమూ పూర్తిగా బయటికి తేలేదని, ఆ రజనే మళ్ళీ కొత్త కంప్రెసర్‌లోకి పోయి ఆరు నెలల్లో దాన్నీ తినేస్తుందని చెప్పారు. మాది ఎలాగూ చిల్లులు పడినదే కాబట్టి వాదించే పని లేకపోయింది. కొత్త కంప్రెసర్, కొత్త కండెన్సర్, కొత్త డ్రయ్యర్, ద్రవాన్ని కూలింగ్ కాయిల్‌లోకి కొలిచి వదిలే కొత్త ఎక్స్‌పాన్షన్ వాల్వ్, అన్ని కీళ్ళకూ ఓరింగులు అనే ఆకుపచ్చ రబ్బరు రింగులు విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పించాము. డ్రయ్యర్‌ను చక్రం విప్పిన ప్రతిసారీ మార్చాలి. దానిలోని గింజలు తేమను పీల్చేవి కాబట్టి మూత తీసి గంటల తరబడి గాలికి పెడితే అక్కడికక్కడే నిండిపోతాయి. పాత షెడ్లలో ఎవరూ దాన్ని మార్చలేదు, బిల్లులన్నీ తిరగేసి చూశాను.

కూలింగ్ కాయిల్‌ను మాత్రం మార్చకుండా కడిగి వాడాము. డాష్‌బోర్డు విప్పి దాన్ని బయటికి తీయడానికి ఒక పూట పట్టింది. రెక్కల మీద పట్టిన పొర చూస్తే మా బండి పదేళ్ళ చరిత్ర మొత్తం అందులోనే ఉంది. అడుగున సిమెంటు పొడి, దాని మీద వడ్ల పొట్టు, దాని మీద అగరుబత్తి మసి. నీళ్ళు పోయే గొట్టం కూడా పొట్టుతో మూసుకుపోయింది. ఏసీ వేసినప్పుడల్లా క్లీనరు కాళ్ళ దగ్గర చాప తడిసిపోవడం వెనుక ఉన్న రహస్యం అదే.

అన్నీ బిగించిన తర్వాత గ్యాస్ ఎక్కించకుండా పైపుల్లో నైట్రోజన్ నింపి 150 పీఎస్‌ఐ దాకా తెచ్చి, కీళ్ళన్నిటి మీద సబ్బు నురగ పూశారు. మామూలు గాలి కంప్రెసర్‌తో ఈ పని చేయకూడదు, గాలితో పాటు తేమ లోపలికి పోతుంది. ఆక్సిజన్‌తో అయితే అసలే చేయకూడదు, నూనె తగిలితే పేలుతుంది. నురగ ఎక్కడా కదల్లేదు. ఉస్తాద్ తృప్తి పడక పైపులను చేత్తో పట్టుకొని ఒక్కొక్కదాన్నీ అటూ ఇటూ వంచి చూశారు. కంప్రెసర్ నుంచి పోయే పైపును వంచినప్పుడు మాత్రం మూతి దగ్గర ఆవగింజంత బుడగ ఒకటి లేచింది, వదిలితే ఆగింది, మళ్ళీ వంచితే మళ్ళీ లేచింది. నిలబడిన బండిలో కారదు, నడిచే బండిలో ఇంజిన్ ఊగినప్పుడల్లా కారుతుంది. పాత షెడ్లలో ఎన్నిసార్లు చూసినా దొరకకపోవడానికి కారణం అదే అయి ఉంటుంది. పైపులు రెండూ కొత్తవి నొక్కించాము.

తర్వాత వ్యాక్యూమ్. పంపు పెట్టి లోపలి గాలినీ తేమనూ లాగేయడానికి పావుగంట సరిపోతుందని చాలా మంది అనుకుంటారు, మాకు ఉస్తాద్ గంట సేపు నడిపారు. గేజీ 29 పాదరస అంగుళాలు కాస్త దాటి ఆగిపోతే, పుస్తకంలో దాదాపు 30 దాకా పోవాలని చదివిన నేను పంపు పాతదేమో అన్నాను. మనం సముద్ర మట్టం మీద లేమని, ఎత్తు పెరిగేకొద్దీ బయటి గాలి ఒత్తిడే తగ్గుతుంది కాబట్టి ఇక్కడ ముల్లు అంతకు మించి పోదని ఆయన చెప్పారు. ఆయన ఏ పుస్తకమూ చదవలేదు. కర్నూలులో, హైదరాబాదులో, బందరులో పని చేసినప్పుడు ముల్లు ఎక్కడ ఆగేదో గుర్తు పెట్టుకున్నారు, అంతే. మా ఎండ ఈ ఒక్క పనికి మాత్రం మేలు చేస్తుంది. ఒత్తిడి తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుంది గనుక, పైపులు 40 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం పూట లోపలి తేమ చప్పున ఆవిరై పంపు వెంట పోతుంది. పంపు ఆపి అరగంట వదిలేస్తే ముల్లు కదల్లేదు.

గ్యాస్ ఎక్కించేటప్పుడు ఆయన సిలిండరును తూకం మీద పెట్టారు. క్యాబిన్ పక్క కంపెనీ అంటించిన చీటీ మీద 1.1 కిలోలని ఉంది, సరిగ్గా అంతే ఎక్కించారు. డ్రయ్యర్ మీది గాజు కన్నులో బుడగలు పోయేదాకా కొట్టడం ఆర్-134ఏ రాకముందు వాడిన పాత గ్యాస్ నాటి పద్ధతి. ఆర్-134ఏ సరిపడా ఉన్నా కొన్నిసార్లు బుడగలు కనిపిస్తూనే ఉంటాయి, వాటిని పోగొట్టాలని ఇంకా ఎక్కిస్తే ఒత్తిడి పెరిగి చల్లదనం ఇంకా తగ్గుతుంది. ఇదే సమయంలో షెడ్డుకు వచ్చిన ఒకతను సగం ధరకు వచ్చే గ్యాస్ ఉందని, దానితో ఇంకా బాగా చల్లబడుతుందని చెప్పాడు. నిజంగానే చల్లబడుతుంది, ఎందుకంటే అందులో ఉండేది వంట గ్యాస్ జాతిదే. కూలింగ్ కాయిల్ క్యాబిన్ లోపల ఉంటుంది, డ్రైవరు బీడీ కూడా అక్కడే వెలిగిస్తాడు. ఆ తర్వాత ఏమి జరుగుతుందో ఊహించుకొని మర్యాదగా వద్దన్నాను.

కరెంటు పని గురించి ఎక్కువ చెప్పను గానీ, రెండు సంగతులు వదలలేను. క్లచ్ కాయిల్ దగ్గర మీటరు పెడితే ఇంజిన్ నడుస్తున్నప్పుడు కూడా 22 వోల్టులు దాటలేదు. ఛాసిస్‌కు పోయే ఎర్తు వైరు కింద తుప్పు గోకి బిగిస్తే 27కు వచ్చింది. తక్కువ వోల్టేజీ మీద క్లచ్ గట్టిగా అతుక్కోక జారుతుంది, జారిన క్లచ్ కాలిపోతుంది. రెండోది, ఆగినప్పుడు కండెన్సర్‌కు గాలి ఆడాలని రెండు ఫ్యాన్లు అదనంగా పెట్టాలనుకున్నప్పుడు మార్కెట్లో 12 వోల్టులవి చవకగా దొరికాయి, ఒక బ్యాటరీ నుంచి మాత్రమే వైరు లాగితే సరిపోతుందని సలహా కూడా దొరికింది. అలా చేస్తే ఒక బ్యాటరీ ఎప్పుడూ సగం ఖాళీగా, రెండోది ఎప్పుడూ ఎక్కువ ఛార్జింగుతో ఉండి రెండూ పాడవుతాయి. వెతికి 24 వోల్టుల ఫ్యాన్లే పెట్టించి, ఒత్తిడి పెరిగినప్పుడు మాత్రమే తిరిగేలా కొత్త స్విచ్చికి కలిపించాము. ఎర్ర వైరు ముక్క స్థానంలో ఇప్పుడు అసలు స్విచ్చి ఉంది.

ఇంత చేసి బండిని రోడ్డు మీదికి తెచ్చినా మొదటి రోజు నాకు తృప్తి కలగలేదు. గాలి వచ్చే రంధ్రం దగ్గర థర్మామీటరు 16 చూపిస్తున్నా క్యాబిన్ మధ్యలో 34 కంటే దిగలేదు. ఉస్తాద్‌కు ఫోను చేస్తే, "నా మిషన్ సల్లగనే ఉంది, నీ ఇంట్ల పొయ్యి ఎవరు ఆర్పాలె?" అన్నారు. ఇంజిన్ మూత మీద అదే థర్మామీటరు ఆనించి కాసేపు ఉంచితే 60 దాటిపోయింది. మూత చుట్టూ రబ్బరు పట్టీ సగం ఊడిపోయి ఉంది, గేరు రాడ్డు దగ్గరి రబ్బరు తొడుగు చిరిగిపోయి, ఆ చిరుగులోంచి కింది రోడ్డు కనిపిస్తోంది. వీటన్నిటికంటే ఘోరం, బయటి గాలి రాకుండా మూసే తలుపు వైరు తెగి ఆ తలుపు ఎల్లవేళలా తెరిచే ఉంది. అంటే మా ఏసీ క్యాబిన్ గాలిని మళ్ళీ మళ్ళీ చల్లబరచడం మానేసి, రోడ్డు మీది 43 డిగ్రీల గాలిని కొత్తగా చల్లబరిచే పని నెత్తికెత్తుకుంది.

ఈ పనికి మెకానిక్ అవసరం లేకపోయింది. తలుపుకు కొత్త వైరు నేనే వేశాను. మూత లోపలి వైపు వెండి కాగితం అంటించిన, మంట అంటుకోని రకం మందపాటి ఫోము అతికించి, అంచులకు కొత్త రబ్బరు పట్టీ, గేరు రాడ్డుకు కొత్త తొడుగు వేయించాము. డ్రైవరు తనంతట తాను వెనుక గోడకూ పైకప్పుకూ కూడా అదే ఫోము మిగిలిన ముక్కలు అతికించి, దాని మీద పూల రెక్సిన్ వేయించుకున్నాడు. రెండో రోజు మధ్యాహ్నం రెండు గంటలకు, బయట 42 ఉండగా, మిర్యాలగూడ నుంచి నల్లగొండ దాకా నేను పక్కన కూర్చొని పోయాను. రంధ్రం దగ్గర 11, క్యాబిన్ మధ్యలో 27. గేజీలు పెట్టి చూస్తే తక్కువ ఒత్తిడి వైపు 36, ఎక్కువ ఒత్తిడి వైపు 260 పీఎస్‌ఐ. ఉస్తాద్‌కు ఆ అంకెలు చెబితే "ఇగ దాన్ని ముట్టకు" అన్నారు. నన్ను అడిగితే, మొత్తం ఖర్చులో పదో వంతు కూడా కాని ఆ ఫోము, రబ్బరు పనినే ముందు చేయించుకోవాలి. దానితోనే సగం బండ్ల ఏసీలు బాగుపడతాయి.

ఇప్పుడు జూన్. వానలు మొదలయ్యాయి గానీ ఉక్క తగ్గలేదు. నిన్న మళ్ళీ గేజీలు పెట్టించాను, ఇంజిన్ ఆపి ఉండగా రెండూ ఆ పూట వేడికి ఉండవలసిన చోటనే ఉన్నాయి. ఇంకో మెకానిక్ చేతిలో పడితే మళ్ళీ ఊహల మీద కొట్టకుండా ఉండాలని డ్రైవరు తలుపు లోపలి వైపు తెల్ల పెయింటుతో రాయించాను. ఆర్-134ఏ, 1.1 కిలోలు, నూనె రకం, డ్రయ్యర్ మార్చిన తేదీ, స్విచ్చికి వైరు పెట్టరాదు. నాలుగు రోజుల తర్వాత బండి ఎక్కితే ఆ రాత కింద అదే పెయింటుతో, వంకర అక్షరాలతో ఇంకో వరుస కనిపించింది: "జాలీకి నీళ్లు కొట్టొద్దు. గాలి కొట్టాలె, లోపలికెల్లి బయటికి."